పై వారిని నా కళ్ళతో చూశాను

మా కాలేజీ స్కాలర్‌షిప్పుల గుమస్తా గారు పోయారన్న సంగతి నాకు వాట్సాప్‌లో తెలిసింది. పాత విద్యార్థుల గ్రూపులో ఎవరో ఒక ఫొటో పెట్టారు. ఎవరిదో వీడ్కోలు సభలో తీసింది. ఆయన వరసకి చివర నిలబడి ఉన్నారు, సగం మొహం పక్కాయన భుజం వెనక. కింద దండం పెట్టే బొమ్మలు ముప్ఫై దాకా ఉన్నాయి. ఆ ముప్ఫై మందిలో ఇరవై మందికి ఆయన పేరు గుర్తుండదని పందెం కాస్తాను. మాకు ఆయన గుమస్తా గారు, అంతే. ఎదురుగా అయితే సారు, వెనకైతే డెబ్బై అయిదు.

నేనూ ఒక దండం బొమ్మ పెట్టాను. పెట్టి, ఫోను బోర్లించి, నా ముందు కూర్చున్న ముసలాయన బొటనవేలు పట్టుకుని మిషను మీద ఆనించాను. మా పంచాయతీ సచివాలయంలో నాది ఆ ఉద్యోగమే, జనం వేలిముద్రలు తీయించడం. ఆ రోజు వెళ్ళడానికి సెలవు దొరకలేదు. నా హాజరు కూడా ఇప్పుడు మొహం చూసే యాప్‌లోనే పడుతుంది, దానికి చావులూ బతుకులూ తెలియవు. అందుకని పెద్దకర్మకు వెళ్ళాను. వెళ్ళి వచ్చాక ఇది రాస్తున్నాను. ఆయన మంచివాడని చెప్పడానికి రాయడం లేదు. ఆ ముక్క ఆ రోజు మైకులో చాలామంది చెప్పేశారు.

తెలియనివాళ్ళ కోసం సంగతి మొదటినుంచి చెబుతాను. మాలాంటి వాళ్ళ కాలేజీ ఫీజు సర్కారు కడుతుంది. ఊరికే కట్టదు. పరీక్షలు తప్పకుండా పై ఏడాదికి వెళ్ళాలి. నూటికి డెబ్బై అయిదు రోజులు కాలేజీలో కనబడాలి. డెబ్బై నాలుగు వచ్చిందా, ఆ ఏడాది ఫీజు మన నెత్తిమీదే. ఫీజు కట్టకపోతే హాల్ టికెట్ ఇవ్వరు. హాల్ టికెట్ లేకపోతే పరీక్ష లేదు, పరీక్ష లేకపోతే పై ఏడాది సాయం ఎలాగూ ఉండదు. ఒక మెట్టు దగ్గర కాలు జారితే కిందిదాకా దొర్లడమే. ఆ మెట్ల దగ్గర కాపలా మా గుమస్తా గారు.

కాలేజీ పేరు రాయను. రాస్తే నొచ్చుకోకూడనివాళ్ళు నొచ్చుకుంటారు, నొచ్చుకోవాల్సినవాళ్ళు ఎలాగూ నొచ్చుకోరు.

మాది నౌపడ ఉప్పుమడుల పక్కన ఊరు. మా నాన్న మడుల దగ్గర కాపలా. మా వీధిలోనే దమయంతి ఉండేది. వాళ్ళింట్లో అందరూ ఉప్పు తీసేవాళ్ళే. దమయంతి తెల్లారకముందే మడిలో దిగి, ఏడున్నరదాకా ఉప్పు లాగి, కాళ్ళు కడుక్కుని, నాతోపాటు బస్సెక్కేది. ఇద్దరం ఒకే క్లాసు, ఒకే బెంచీ. నేను గోడవైపు, అది నడవవైపు. మూడు సెమిస్టర్లు అలాగే కూర్చున్నాం. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి. నేను మాత్రం గుర్తు పెట్టుకోవలసిన చోట పెట్టుకోలేదు.

కాలేజీలో చేరిన రోజు గుమస్తా గారి కిటికీ దగ్గర వరసలో నిలబడ్డాం. బట్టతల, ముక్కుపొడుం వాసన, మెళ్ళో తాడుకి వేలాడే కళ్ళద్దాలు. మా కాగితాలు చూసి తలెత్తకుండానే అన్నారు.

"ఏ ఊరే మీది? ఉప్పు దగ్గిరా? అయితే ఇనండి. సెమిస్టరుకి తొంబై రోజులనుకో. మీకు ఇరవై రెండు రోజులు సెలవు. అందులో జొరాలకి ఎనిమిది, ఉప్పుకి పది, పెళ్ళిళ్ళకి నాలుగు. ఐదో పెళ్ళికి ఎల్లినారంటే, అది మీ సదువు పెళ్ళే."

నవ్వాలో భయపడాలో తెలియలేదు. దమయంతి మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టుకుంది.

ఆయనకి అందరి లెక్కా నోటికొచ్చు. నడవలో ఎదురుపడితే బాగున్నావా అని అడగరు. "నీకింక ఆరున్నాయి", "నీకు రెండే, దగ్గొచ్చినా రా" అనేవారు. బతిమాలితే వినేవారు కాదు. మా క్లాసు పిల్ల ఒకతి డెబ్బై నాలుగు దగ్గర ఆగి ఏడిస్తే, "డెబ్బై నాలుగు దగ్గిర దేవుడు కూడా సెలవు మీదుంటాడు తల్లీ" అని కిటికీ మూసేశారు. ఆ రోజు ఆయన్ని ఎంతమంది తిట్టారో! నేనూ తిట్టాను. ఆయన ఆ తర్వాత వారం రోజులు ఆ పిల్ల పాత కాగితాలన్నీ తిరగేసి, ఎన్.ఎస్.ఎస్. క్యాంపుకు వెళ్ళిన రెండు రోజులు ఎక్కడో ఎక్కలేదని పట్టుకుని, డెబ్బై ఆరు చేశారు. అది ఎవరికీ చెప్పలేదు. ఆ పిల్ల చెబితే తెలిసింది.

అదే ఏడాది వేలిముద్రల మిషను వచ్చింది. గుమ్మం పక్క గోడకి బిగించారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బొటనవేలు పెట్టాలి. అందరికీ పడింది. దమయంతికి పడలేదు.

ఉప్పు పని చేసేవాళ్ళ చేతులు చూశారా? నీళ్ళల్లో నానీ నానీ, ఉప్పురాళ్ళకి ఒరుసుకుని, వేలి కొసలు గులకరాయిలా నున్నగా అయిపోతాయి. గీతలే ఉండవు. నేను వారానికి ఒకటి రెండు సార్లు నాన్నకి సాయం వెళ్ళేదాన్ని గనక నా వేలు ఎక్కువ రోజులు పడేది, ఎప్పుడో ఒకరోజు పడేది కాదు. దమయంతి వేలు పెడితే మిషను ఎర్రలైటు వెలిగించి "ప్లీజ్ ట్రై ఎగైన్" అనేది. వెనక నూట యాభై మంది. "బేగి కానీయే", "ఏటే, నీ యేలికి ఎక్స్‌పైరీ అయిపోనాదా" అని నవ్వులు.

గుమస్తా గారు తన గదిలోంచి వచ్చి చూశారు. వేలు కడగమన్నారు. వేడి టీ గ్లాసు పట్టుకోమన్నారు. జుట్టుకి రాసి పెట్టమన్నారు, తలనూనె అంటుతుందని. కొబ్బరినూనె సీసా తెచ్చి గుమ్మం దగ్గర పెట్టారు. వారం రోజులు ఇదే తంతు. ఒకరోజు పడితే నాలుగు రోజులు పడేది కాదు. చివరికి దమయంతి చెయ్యి తిప్పి చూసి, కళ్ళద్దాలు దించి, మిషనుతోనే మాట్లాడినట్టు అన్నారు.

"నీకు యేలు కావాల. మడిసి అక్కర్నేదు. నీకు కళ్ళు నేవు కదేటి. నాకున్నాయి."

మర్నాటినుంచి ఒక పుస్తకం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డారు. నిలువు గీతల పాత హాజరుపట్టీ. వేలు పడనివాళ్ళు పదకొండు మంది లెక్క తేలాం, ఉప్పువాళ్ళం, జీడిపిక్కలు కొట్టే ఇళ్ళవాళ్ళం, ఇటుకబట్టీ పిల్ల ఒకతి. పొద్దున పేరు పిలిచేవారు, మొహం చూసేవారు, రాసేవారు. సాయంత్రం మళ్ళీ. రోజు చివర, ఆ గడి కింద ఒకే వాక్యం, పొడి సంతకం: "పై వారిని నా కళ్ళతో చూశాను." ఆ వాక్యం రబ్బరు స్టాంపు చేయించుకోవచ్చు కదా అని ఎవరో లెక్చరర్ అంటే, "స్టాంపుకి కూడా కళ్ళు నేవండి" అన్నారట.

రాసేది సిరా పెన్నుతో. రాశాక పుస్తకం వెంటనే మూసేవారు కాదు. రెండు చేతులమీద పళ్ళెంలా పట్టుకుని, సిరా ఆరేదాకా ఎండలో నిలబడేవారు. మాకు క్లాసుకి టైమైపోతున్నా కదలనిచ్చేవారు కాదు. "తడి మీద మూస్తే పక్క పేజీలోవోడికి కూడా హాజరు పడిపోతాది. అది అబద్ధం కాదేటి?" అనేవారు. అంత చాదస్తం.

ప్రిన్సిపాల్ గారు ఈ పుస్తకానికి సరేనన్నారు. నోటిమాటగా అన్నారు. గుమస్తా గారు కాగితం మీద ఇమ్మని మూడుసార్లు ఫైలు పెట్టారు. మూడుసార్లూ "చూద్దాం" అని వచ్చింది. పై ఆఫీసుకి ఉత్తరాలు రాశారు, వేళ్ళు పడనివాళ్ళకి ఏం చెయ్యాలో చెప్పమని. జవాబు రాలేదు. ఆ పుస్తకంలోని అంకెలే కంప్యూటర్లో ఎక్కించి పంపితే, రెండు సెమిస్టర్లు ఎవరూ కాదనలేదు. దమయంతికి మొదటి సెమిస్టరు ఎనభై తొమ్మిది శాతం వచ్చింది. దాన్ని మించి కాలేజీకి వచ్చినవాళ్ళు మా క్లాసులో లేరు.

ఇక ఆ వాన సంగతి.

ఉప్పు తీసే కాలంలో మబ్బు పట్టిందంటే మా ఊళ్ళో పెళ్ళిపందిట్లోంచి కూడా లేచి పరిగెడతారు. కుప్పలమీద తాటాకులు కప్పకపోతే నెల రోజుల పని కాలవలో కలుస్తుంది. రెండో ఏడాది, పరీక్షలకి నెలముందు, ఒకనాటి పొద్దున సముద్రం వైపు ఆకాశం నల్లబడింది. నేను కాలేజీ మానేసి నాన్నతో మడులకి పరిగెత్తాను. దమయంతి వాళ్ళమ్మ కూడా దాన్ని రమ్మని కేకలేసింది. దమయంతి వినలేదు. "నాకింక నాలుగే ఉన్నాయమ్మా" అని బస్సెక్కింది. వాళ్ళమ్మ బస్సు వెనక నిలబడి శాపనార్థాలు పెట్టడం మా వీధంతా విన్నారు. నేను ఆ రోజు నెత్తిన తాటాకుల మోపు పెట్టుకుని గట్లమీద పరిగెడుతూ, రోడ్డు మీద పోతున్న బస్సు, దాని కిటికీలో దమయంతిని చూశాను. మబ్బు చూసి సైకిలు మానేసిన గుమస్తా గారు కూడా అందులో ఉన్నారని నాకు తెలియదు.

ఈలోగా ఆయన మీద అర్జీ పడింది. కారణం చిన్నది. ఊళ్ళో పెద్దమనిషి ఒకాయన కొడుకు మా కాలేజీలోనే చదివేవాడు, చదివేవాడని అనాలి కాబట్టి అంటున్నాను. కొత్త బండిమీద వచ్చి క్యాంటీన్లో కూర్చుని పోయేవాడు. సాయం పోయేటట్టు ఉంది, ఆ పుస్తకంలో మా వాణ్ణీ రాసెయ్యండి అని మనిషిని పంపారు. గుమస్తా గారు, "అతని యేలు బాగానే పడతాది కదండీ, మడిసే పడటం నేదు" అన్నారు. పదిహేను రోజుల్లో పై ఆఫీసునుంచి ముగ్గురు అధికార్లు వచ్చారు. దొంగ హాజర్లు వేసి పిల్లల దగ్గర డబ్బు తింటున్నాడని అర్జీలో ఉందట. ప్రిన్సిపాల్ గారు, ఆ పుస్తకం సంగతి నాకు తెలియనే తెలియదన్నారు.

స్టాఫ్ రూములో కూర్చోబెట్టి మమ్మల్ని ఒక్కొక్కరినే పిలవడం మొదలుపెట్టారు. బయట వరండాలో పదకొండు మందిమీ నిలబడ్డాం. మొదటి పేరు నాది. నా వెనక దమయంతి.

లోపల ముగ్గురు, బల్లమీద సమోసాలు. గుమస్తా గారు ఒక మూల స్టూలు మీద కూర్చుని ఉన్నారు. మధ్య ఆయన మెత్తగానే అడిగారు.

"భయపడకమ్మా. నువ్వు రానిరోజు వచ్చినట్టు ఎప్పుడైనా రాశారా?"

మాది బాప్టిస్టు కుటుంబం. సండేస్కూల్లో నిజం చెప్పినందుకు నాకు రెండుసార్లు బహుమతి ఇచ్చారు, ఒకసారి స్టీలు గ్లాసు, ఒకసారి పెన్సిళ్ళ డబ్బా. ఆ గ్లాసు మీద నా పేరు కూడా చెక్కించి ఉంది. పుస్తకం నా ముందుకి జరిపారు. నా వరస చూసుకుంటూ వెళ్ళాను. వాన రోజు దగ్గర నా పేరుకెదురుగా హాజరు పడి ఉంది. ఎందుకు రాశారో అర్థం కాలేదు.

"ఈ ఒక్క రోజు సార్. ఆ రోజు నేను రాలేదు. ఉప్పుమడుల దగ్గర ఉన్నాను."

ముగ్గురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. గుమస్తా గారు నావైపు చూడలేదు, కాదనలేదు. మధ్య ఆయన ఎర్రపెన్సిల్‌తో ఆ గడి చుట్టూ సున్నా చుట్టారు.

"వెరీ గుడ్. నిజాయితీ గల పిల్లవి. ఇంకేమైనా చెప్పాలా?"

"ఏమీ లేదు సార్" అన్నాను.

బయటికొచ్చాను. మనసు దూదిపింజలా తేలికగా ఉంది. సిగ్గుతో చెబుతున్నాను, ఆ క్షణంలో నేను గర్వపడ్డాను. దమయంతి ఆత్రంగా నా చెయ్యి పట్టుకుని, "ఏటడిగినారే?" అంది. "ఏం లేదు, ఉన్నదున్నట్టు చెప్పాను" అన్నాను. అది జడ సర్దుకుని, చెమట తుడుచుకుని, పిలుపు కోసం నిలబడింది.

పిలుపు రాలేదు. ఒక అబద్ధం దొరికాక మిగతా పదిమందితో వాళ్ళకి పనేముంది? సమోసాలు తిని, పుస్తకం పట్టుకుని జీపెక్కారు. దమయంతి ఆ తలుపు దగ్గర సాయంత్రందాకా నిలబడింది. ప్యూను వచ్చి, "ఎలిపోనారమ్మా, నువ్వింకా ఏటి సేస్తన్నావు" అంటే కదిలింది.

పుస్తకం చెల్లదన్నారు. మిషను లెక్కే లెక్కన్నారు. మిషనులో నాకు డెబ్బై ఏడు వచ్చింది. దమయంతికి పందొమ్మిది. నా సాయం నిలబడింది, దాని సాయం పోయింది. ఫీజు కట్టమన్నారు, హాల్ టికెట్ ఆపేశారు. గుమస్తా గారికి ఇంక్రిమెంటు కోసి బొబ్బిలి వైపు బదిలీ చేశారు. వెళ్ళేముందు ఆయన సైకిలేసుకుని దమయంతి ఇంటికి వచ్చారు, ఏదో అర్జీ మీద సంతకం పెట్టమని. వాళ్ళమ్మ గుమ్మంలోనే నిలబడి, "బాబూ, మీకో దండం. మా గుంటని ఇంక వొగ్గీండి" అంది. మా ఇంట్లో తలుపు వెనక నిలబడి నేను అది విన్నాను. ఆయన మా ఇంటి ముందునుంచే సైకిలు నడిపించుకుంటూ పోయారు. వీధి అంతా గోతులు, ఎక్కి తొక్కడానికి లేదు.

దమయంతి పలాసలో జీడి ఫ్యాక్టరీలో చేరింది. నేను డిగ్రీ పాసయ్యాను. సచివాలయం ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు రోజుకి అరవై డెబ్బై వేళ్ళు పట్టుకుంటాను. "ట్రై ఎగైన్" అని అది అన్నప్పుడల్లా ఎదుటి మనిషి నావైపే చూస్తాడు, నేరం తనదైనట్టు. నేను కొబ్బరినూనె సీసా ఇస్తాను. పుస్తకం పెట్టలేదు. పెట్టే ధైర్యం నాకు లేదని ఒప్పుకుంటాను.

ఆయన్ని ఆ తర్వాత ఒకే ఒక్కసారి చూశాను, బొబ్బిలి బస్టాండులో. ఏదో ట్రైనింగుకి వెళ్ళి వస్తున్నాను. ఆయన రిటైరయ్యి వారమో పది రోజులో అయిందట. సంచీలో వంకాయలు, చంకలో గొడుగు. నేను పలకరించకుండా పోదామనుకున్నాను, ఆయనే "ఉప్పు పిల్లవి కదేటి" అన్నారు. పక్కన బల్లమీద కూర్చోబెట్టి టీ చెప్పారు. నాకు ఏడుపు ఆగలేదు. ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్నది అడిగేశాను.

"ఆ రోజు నేను రాలేదు కదా సారూ. ఎందుకు రాశారు?"

"సూసినాను కదా" అన్నారు ఆయన, ఆశ్చర్యంగా. "బస్సు కిటికీలోంచి. నెత్తిన ఇంత మోపెట్టుకోని గట్టు మీద పరిగెడతన్నావు. కింద ఏటి రాసీవోడిని? నా కళ్ళతో సూసినానని కదా. సూసినాను. ఆరోజు మన కాలేజీ మొత్తమ్మీద అంత పని సేసినోల్లు ఎవురూ నేరు. సెయ్యి ఆగనేదు, రాసీసినాను." పొడుం డబ్బా తీసి, పీల్చకుండానే మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. "తప్పే. గుమస్తా సెయ్యాల్సిన పని కాదది. ముప్పయ్యేళ్ళలో ఒక్కటి రాసినాను, అదే పట్టుకున్నాది. నువ్వు సెప్పినందుకు నాకు కోపం నేదమ్మా. అడిగినారు, సెప్పినావు."

నాకు ప్రాణం లేచొచ్చింది. క్షమించేశారు, ఇంక అయిపోయింది అనుకున్నాను. టీ తాగేశారు, గ్లాసు ఇచ్చేసి వచ్చారు. అప్పుడు అడిగారు.

"దమయంతి ఎలగున్నాది?"

"తెలీదు సారూ" అన్నాను.

ఆయన నావైపు ఒకసారి చూశారు. కిటికీ దగ్గర ఏ కాగితమో తక్కువైనప్పుడు చూసే చూపు. "కనుక్కో" అన్నారు. అంతే, బస్సెక్కేశారు. నేను కనుక్కోలేదు. పలాస మా ఊరికి ఎంత దూరమని? రైలెక్కితే ఎంతసేపని? అయినా కనుక్కోలేదు.

పెద్దకర్మ కొత్తవలసలో జరిగింది, ఆయన అత్తవారి ఊరు అదే. నౌపడలో ప్యాసింజరు ఎక్కి వెళ్ళాను. కొత్తవలసలో దిగి నాలుగడుగులు వేశానో లేదో, వెనక పెట్టెలోంచి దమయంతి దిగింది. పలాసనుంచి అదే రైల్లో వచ్చింది. ఏడేళ్ళ తర్వాత చూడటం. మనిషి సన్నబడింది. ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం. "నీకెవరు చెప్పారే?" అని అడిగాను, ఏదో ఒకటి అడగాలి కాబట్టి. "ఆయన యేడాదికోసారి మా ఇంటికొచ్చీవోరు" అంది. "పరీక్ష ఫీజు టైము వొచ్చిందే, ప్రైవేటుగా కట్టవే అని. ఈయేడు రానేదు. సూద్దామని ఫోను సేస్తే సెప్పినారు." ఆ మాట చెప్పి ముందు నడిచింది.

ఇంటి ముందు చిన్న షామియానా. ప్రిన్సిపాల్ గారు వచ్చారు, రిటైరైనా అదే తెల్లచొక్కా. మైకు పట్టుకుని గుమస్తా గారి నిబద్ధత గురించి పది నిమిషాలు చెప్పారు. "నాకు కుడిభుజం" అన్నారు. జనం తలలూపారు. నాకు లేచి ఆ మైకు లాక్కోవాలనిపించింది. లాక్కోలేదు. నేను మాట్లాడాల్సిన చోట మాట్లాడే మనిషిని కానని ఈపాటికి మీకు తెలిసిపోయింది. గులాబ్‌జాం రెండోసారి వేయించుకుని ఆయన కారెక్కారు.

జనం పలచబడ్డాక గుమస్తా గారి భార్య మా ఇద్దరినీ లోపలికి పిలిచింది. బీరువా మీదనుంచి గుడ్డలో చుట్టిన పుస్తకం దించింది.

"ఇది మీ కాలేజీదే కదమ్మా. విచారణైపోనాక చిత్తుకాగితాల్లో పడీస్తంటే అడిగి తెచ్చుకున్నారు. నాకు సదువు రాదు. దీన్నేటి సెయ్యమంటారు?"

దమయంతి నేలమీద కూర్చుని పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. జీడి తొక్కలోని రసం తినేసిన చేతులు. వేలి కొసలు నల్లగా, మెరుస్తూ ఉన్నాయి. తన వరస మీద వేలు పెట్టి, గడి తర్వాత గడి, పేజీ తర్వాత పేజీ నెమ్మదిగా జరుపుకుంటూ వెళ్ళింది. అక్కడక్కడ ఒక గడి తప్ప అన్నిట్లోనూ హాజరు. వాన రోజు దగ్గర, నా పేరు చుట్టూ ఎర్రసున్నా. అక్కడ ఆగింది. తలెత్తకుండానే అడిగింది.

"ఆయన ఒక్కరోజు తప్పు రాసినారని సెప్పినావు. సరే. నిజమే. అది సెప్పినందుకు నిన్నెప్పుడూ ఏటీ అన్లేదు. మరి ఈ మిగతా రోజులన్నీ నీ పక్కనే కూకున్నాను కదే. నువ్వు సూసినావు కదే నన్ను. ఇంకేటైనా సెప్పాలా అని కూడా అడిగినారంట కదా, గుమస్తా గారు సెప్పినారు నాకు. ఆ మాటెందుకు సెప్పనేదు?"

ఆ రోజు నాకు నా నిజమే పెద్దదిగా కనబడింది. బెంచీలో నడవవైపు ఎవరు కూర్చున్నారో తోచనే లేదు. నన్ను అడగలేదు కదా అని ఇన్నాళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అడిగారు.

దమయంతి పుస్తకం ఆవిడ చేతికిచ్చి లేచింది. మధ్యాహ్నం బండి అందుకోకపోతే మర్నాటి షిఫ్టు పోతుందని చెప్పింది. ఆవిడ కాళ్ళకి దండం పెట్టి, ఫొటో ముందు ఒక క్షణం నిలబడి, వెళ్ళిపోయింది. నేను గుమ్మందాకా వెళ్ళాను. అది వెనక్కి తిరిగి చూడలేదు.

మళ్ళీ లోపలికొచ్చి, "అమ్మగారూ, సారు పెన్ను ఉందా?" అని అడిగాను. ఫొటో దగ్గర పెట్టిన పెన్ను తీసిచ్చింది. చాలా రోజులుగా వాడలేదేమో, రెండుసార్లు విదిలిస్తేగాని రాయలేదు. పుస్తకంలో చివరి పేజీ తీశాను. ఆయన సంతకం కింద రెండు వేళ్ళ జాగా ఉంది. అక్కడ రాశాను. దమయంతి ఈ పుస్తకంలో ఉన్న రోజులన్నీ, వాన రోజు తప్ప, నా పక్కనే కూర్చుంది. వాన రోజు కూడా కాలేజీకి బస్సులో వెళ్ళింది. నా కళ్ళతో చూశాను. సంతకం పెట్టి, పెద్దకర్మ రోజు తారీకే వేశాను. ఏడేళ్ళ కిందటిది వేస్తే అది అబద్ధం అవుతుంది.

ఈ రాత ఇప్పుడు ఏ ఆఫీసుకీ అక్కరలేదు. దీన్ని చూసి ఎవరూ దమయంతికి హాల్ టికెట్ ఇవ్వరు. ఆ సంగతి రాస్తున్నప్పుడే తెలుసు.

పుస్తకం మూయబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఉండమ్మా, తడున్నాది" అంది. రెండు చేతులమీద పళ్ళెంలా పుస్తకం పట్టుకుని, గుమ్మంలో ఎండ పడుతున్న చోటికి వెళ్ళి నిలబడింది.